గది ఖాళీ లేదు: మన మధ్య చదువుకునే ఆఫ్రికా విద్యార్థి రోజు ఎట్లా గడుస్తుంది?

ఒక ఎండాకాలం హైదరాబాద్‌లో నేనూ నా మిత్రుడూ వారం రోజులు అద్దె గది కోసం తిరిగాం. అతనిది తూర్పు ఆఫ్రికా. ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, విభాగాలు వేరు. హాస్టల్ గడువు అయిపోయింది, థీసిస్ మాత్రం మిగిలిపోయింది. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. ‘రాయొద్దు, వీసా ఉన్నన్నాళ్లూ నేను ఎవరి కంటా పడకుండా ఉండాలి’ అన్నాడు.

టు-లెట్ బోర్డు మీది నంబరుకు నేనే ఫోన్ చేసేవాణ్ణి. ‘ఉంది బాబూ, రండి, చూసుకోండి, రెండు నెలల అడ్వాన్సు’ అనేవాళ్లు. పది నిమిషాల్లో ఇద్దరం గేటు దగ్గర నిలబడేవాళ్లం. ఇంటాయన నన్ను చూసేవాడు, నా పక్కన అతన్ని చూసేవాడు. ‘అయ్యో, ఇప్పుడే మా అబ్బాయి ఎవరికో ఇచ్చేశాడట’ అనేవాడు. బోర్డు అక్కడే వేలాడుతూ ఉండేది.

నేను ఒంటరిగా వెళ్లిన ఇళ్ల దగ్గర కథ కొంచెం నెమ్మదిగా నడిచేది. పూర్తి పేరేంటి, ఊరెక్కడ, నాన్నగారేం చేస్తారు, ‘ఇంతకీ మీరేమిట్లు?’ అని అడిగేవాళ్లు. నేను చెప్పేవాణ్ణి. ‘మేం వెజిటేరియన్లకే ఇస్తాం బాబూ’ అనేవాళ్లు. నన్ను కాదనడానికి వాళ్లకు నాలుగు ప్రశ్నలు అవసరమయ్యాయి. అతన్ని కాదనడానికి ఒక్క ప్రశ్నా అవసరం కాలేదు.

అయిదో రోజు జరిగింది వేరే. అది మనవాళ్లు ఎక్కువగా ఉండే బస్తీ. ముందు గదిలో గోడ మీద బాబాసాహెబ్ ఫోటో, దానికి తాజా దండ. ఇంటాయన రిటైర్డ్ ఉద్యోగి. నా ఊరూ పేరూ విని సంతోషించాడు, టీ ఇచ్చాడు. గది నా మిత్రుడికి కావాలని చెప్పగానే గొంతు తగ్గించి, ‘నీకైతే ఇస్తాను బాబూ. వాళ్లు వద్దు. డ్రగ్స్ గొడవలుంటాయి, రాత్రిళ్లు పార్టీలు చేస్తారు, రేపు పోలీసులొస్తే నేనేం చెప్పాలి?’ అన్నాడు. మిత్రుడికి తెలుగు అంతగా రాదు. కానీ ఆ గొంతు అతనికి అర్థమైంది. టీ కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

ఆ రోజు నేను నోరు తెరవలేదు. ఈ వ్యాసం ఆ ఇంట్లో మొదలైంది.

ఎవరు వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు

ఆఫ్రికా దేశాల నుంచి మన దగ్గరికి చదువుకు రావడం కొత్త కాదు. 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి దశాబ్దాలుగా వాళ్లకు స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. 2015 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన భారత్–ఆఫ్రికా శిఖరాగ్ర సదస్సులో అయిదేళ్లలో 50,000 స్కాలర్‌షిప్‌లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. స్కాలర్‌షిప్ లేకుండా ఇంట్లో వాళ్లు భూమి అమ్మో, అప్పు చేసో పంపిస్తే వచ్చేవాళ్లూ చాలామంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, ఇంకా అనేక ప్రైవేటు కాలేజీల్లో వీళ్లు కనిపిస్తారు. మా రామకుప్పం వాళ్లకు దగ్గరి నగరం బెంగళూరు. అక్కడ హెసరఘట్ట రోడ్డు వైపూ, కొత్తనూరు, కమ్మనహళ్లి వైపూ ఉంటారు.

లెక్క చూస్తే చాలా చిన్నది. 2021–22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశం మొత్తం మీద విదేశీ విద్యార్థులు సుమారు 47 వేలు. అందులో నాలుగో వంతుకు పైగా నేపాల్ నుంచే. మిగిలిన వాళ్లలో ఒక భాగం ఆఫ్రికా వాళ్లు. దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూద్దాం. 2023–24లో ఒక్క అమెరికాలోనే చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మన తెలుగు పిల్లల వాటా ఎంత పెద్దదో ఏ పల్లెలో అడిగినా చెబుతారు. పరాయి దేశంలో గది వెతుక్కునే బాధ తెలుగు ఇళ్లలో తెలియని విషయం కాదు. ఆ బాధ మన వీధిలోకి వచ్చి తలుపు తట్టినప్పుడు మాత్రం గుర్తుపట్టడం లేదు.

ఒక మామూలు రోజు

వార్తల్లోకి వచ్చేది దాడి జరిగిన రోజు మాత్రమే. మిగిలిన రోజులు ఎవరూ రాయరు. నా మిత్రుడి మామూలు రోజు ఇట్లా ఉండేది.

పొద్దున బస్సెక్కుతాడు. అతని పక్క సీటు చివరిదాకా ఖాళీగా ఉంటుంది, జనం నిలబడి ఉన్నా సరే. మొదట్లో కాళ్లు చాపుకోవచ్చులే అనుకునేవాడట. ఆరు నెలల తర్వాత ఆ ఖాళీ సీటు బరువు తెలిసిందన్నాడు. ఇది విన్నప్పుడు నాకు మా హైస్కూలు బెంచీ గుర్తొచ్చింది.

ఆటో ఎక్కితే రేటు రెట్టింపు. దారిలో పిల్లలు ‘నీగ్రో’, ‘హబ్షీ’, ‘కాలియా’ అని అరుస్తారు. పెద్దవాళ్లు ఆపరు, నవ్వుతారు. కొందరు అడగకుండానే సెల్ఫీ దిగుతారు. కొందరు జుట్టు ముట్టుకుని చూస్తారు. ఆ జుట్టు కత్తిరించడం సెలూన్ వాళ్లకు తెలియదు, కొందరు తెలిసినా కుర్చీలో కూర్చోనివ్వరు. అందుకే ఆఫ్రికా విద్యార్థులు ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకుంటారు. మన ఊళ్లలో మనవాళ్లకు మంగలి షాపు తలుపు ఎన్నేళ్లు మూసి ఉందో, కొన్ని చోట్ల ఇప్పటికీ ఎట్లా ఉందో చదువరులకు చెప్పక్కర్లేదు.

కాగితాల పని వేరే. ఆరు నెలలకు మించిన స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు దిగిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. జిల్లాల్లో ఆ బాధ్యత ఎస్పీది. నమోదుకు చిరునామా రుజువు కావాలి. చిరునామా రుజువుకు అద్దె ఒప్పందం కావాలి. ఒప్పందం రాసివ్వడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. ఓనరు గది ఇస్తాడు గానీ కాగితం ఇవ్వనంటాడు. ఇస్తే పోలీసులు తన ఇంటికొస్తారని భయం. కాగితం లేకపోతే పోలీసులు వచ్చేది విద్యార్థి దగ్గరికి. ఒక్క సంతకం కోసం ప్రతి నెలా 1,000, 1,500 ఎక్కువ అద్దె కట్టేవాళ్లను నేను చూశాను.

డబ్బుల సంగతి కూడా అంతే. స్టూడెంట్ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇంటి నుంచి వచ్చే డబ్బు అక్కడి కరెన్సీ విలువ పడిపోతే సగమవుతుంది. ఫీజు మాత్రం చాలా చోట్ల డాలర్లలో లెక్కగడతారు. ఒక నెల డబ్బు రాకపోతే ఫీజు ఆలస్యం, ఫీజు ఆలస్యమైతే వీసా పొడిగింపు ఆలస్యం, వీసా ఆలస్యమైతే మనిషి ‘అక్రమంగా ఉంటున్న విదేశీయుడు’ అయిపోతాడు. మన పిల్లలకు స్కాలర్‌షిప్ రాకపోతే హాల్ టికెట్ ఆపే కాలేజీలు ఉన్నాయి. దెబ్బ పడే తీరు అదే. కాకపోతే ఇతనికి వెనక్కి పోవడానికి ఊరి బస్సు లేదు.

ఆదివారం మాత్రం వేరు. పొద్దున చర్చి, సాయంత్రం గ్రౌండ్‌లో ఫుట్‌బాల్, రాత్రి ఎవరో ఒకరి గదిలో పది మంది కలిసి వంట. అదే వంటను కింది ఇంటివాళ్లు ‘పార్టీ’ అంటారు. పది మంది తెలుగు అబ్బాయిలు ఒక గదిలో చేరి క్రికెట్ చూస్తే దాన్ని ఎవరూ పార్టీ అనరు.

మా ఇంట్లో సంగటి

ఒకసారి దసరా సెలవులకు అతన్ని మా ఊరికి తీసుకుపోయాను. మాది చిత్తూరు జిల్లా, కుప్పం పక్కన రామకుప్పం మండలం. ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. మూడు భాషలు కలిపి మాట్లాడే నేల. మా ఆదిఆంధ్రవాడలో చాలామంది కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు కూలికి పోతారు. వాళ్లు ఆఫ్రికా వాళ్లను చూడకపోలేదు. వాళ్లు కట్టిన అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కలే చూశారు. మాట్లాడింది మాత్రం లేదు.

మా అమ్మ రాగి సంగటి, ఊరిబిండి, కోడికూర చేసింది. అతనికి చెంచా తెచ్చిపెట్టింది. అతను చెంచా పక్కన పెట్టి, చేత్తో ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. మా అమ్మ నోరు తెరుచుకుని చూసింది. ‘ఈ పిల్లోడికి సంగటి ఎవురు నేర్పిచ్చిరి రా?’ అంది. వాళ్లమ్మే నేర్పింది. వాళ్ల దగ్గర ఉగాలి అంటారు, ఎక్కువగా మొక్కజొన్న పిండితో చేస్తారు, కొన్ని ప్రాంతాల్లో రాగి పిండి కలుపుతారు. రాగి గంజీ తాగుతారు.

ఇంకో సంగతి ఉంది. రాయలసీమ గుర్తుగా మనం చెప్పుకునే రాగి అసలు ఇక్కడ పుట్టిన పంట కాదు. ఇతియోపియా, ఉగాండా వైపు తూర్పు ఆఫ్రికా మెట్టల్లో మొదట సాగైంది. వేల ఏళ్ల కిందట మన దేశానికి వచ్చింది. కొండ నేలలో, వానలు సరిగా లేని చోట, పేదవాళ్ల కడుపు నింపుతూ మన పంటగా మారింది. ఈ మాట మా అమ్మకు చెబితే, ‘అట్లయితే ఈ పిల్లోడు మనింటికి రావడం కాదు, మనమే వాళ్లింట్లో తింటా ఉండామే’ అని నవ్వింది.

సాయంత్రం ఊళ్లో తిప్పాను. పిల్లలు వెంటపడ్డారు. ఊరి టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన అడిగిన మొదటి మాట ‘ఏ దేశం?’ కాదు. ‘ఎవురింటికొచ్చినాడు?’ అని. మా ఇంటికని చెప్పాక ఇంకేం అడగలేదు. అతిథికి కూడా ఆతిథ్యమిచ్చిన ఇంటి కులమే అంటుకుంటుందని ఆ ఒక్క ప్రశ్నతో మిత్రుడికి చెప్పగలిగాను.

రాత్రి మా వాడలో మా తాత వరసయ్యే ఒకాయన తన సందేహం అడిగాడు: ‘వాళ్లల్లో గూడా మన మాదిరి కులాలు ఉండాయా?’ మిత్రుడు కాసేపు ఆలోచించి నిజమే చెప్పాడు. తన జాతిలో లేవు, కానీ ఆఫ్రికాలో అసలు లేవని చెప్పలేనన్నాడు. నైజీరియాలో ఇగ్బో సమాజంలో ‘ఓసు’ అని పిలిచే వెలివేతను 1956లో చట్టం చేసి రద్దు చేయాల్సి వచ్చింది. పెళ్లిళ్ల దగ్గర ఆ జాడ ఇప్పటికీ పోలేదు. అణచివేతకు గురైన సమాజం మొత్తం ఒకే రంగులో ఉండదు, లోపల మళ్లీ మెట్లుంటాయి. మన మధ్య లేవా?

రంగు గురించి మన మాట

ఇక్కడ మనం కూడా కొంచెం నిజం చెప్పుకోవాలి. మా అమ్మే మా చెల్లెలి సంబంధం విషయంలో ‘పిల్లోడు మరీ నలుపు’ అంది. పసిబిడ్డకు శనగపిండితో నలుగు పెట్టి రంగు తేల్చాలని చూడని ఇల్లు మన వాడల్లోనూ తక్కువే. నల్లగా ఉండేవాళ్లను ఎగతాళి చేసే సినిమా హాస్యానికి మనమూ నవ్వుతాం. ఎండలో పనిచేసే ఒళ్లు నల్లబడుతుంది, నీడన కూర్చున్న ఒళ్లు తెల్లగా ఉంటుంది. రంగు మీద పెట్టిన విలువలో పని మీద పెట్టిన విలువ దాగి ఉంది. ఆ విలువను పైవాళ్లు నిర్ణయించారు, మనం అద్దం ముందు నిలబడి పాటిస్తున్నాం.

2017 ఏప్రిల్‌లో ఒక మాజీ ఎంపీ, ఒక పెద్ద పార్టీ నాయకుడు తరుణ్ విజయ్, అంతర్జాతీయ టీవీ చర్చలో భారతీయులకు జాతి వివక్ష లేదని వాదిస్తూ, ఉంటే తమిళ, కేరళ, కర్ణాటక, ఆంధ్ర వాళ్లతో ఎట్లా కలిసి ఉంటామన్న అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. దేశమంతా మండిపడింది, ఆయన క్షమాపణ చెప్పాడు. మనకు కోపం వచ్చిన తీరు మాత్రం గమనించాలి. కొందరికి నల్లవాళ్లను అవమానించినందుకు కోపం వచ్చింది. చాలామందికి తమను నల్లవాళ్లన్నందుకు వచ్చింది.

మూక వచ్చిన రోజులు

మామూలు రోజుల్లో పేరుకున్నది ఒక రోజు దాడిగా బయటపడుతుంది. 2012 ఏప్రిల్‌లో పంజాబ్‌లోని జలంధర్‌లో బురుండి విద్యార్థిని తీవ్రంగా కొట్టారు. అతను కోమాలోకి వెళ్లి 2014లో చనిపోయాడు. 2016 జనవరి 31న బెంగళూరు హెసరఘట్ట రోడ్డులో ఒక సూడాన్ దేశస్థుడి కారు గుద్ది ఒక మహిళ చనిపోయింది. కొంతసేపటికి అటుగా వచ్చిన టాంజానియా విద్యార్థిని కారును మూక ఆపి, ఆమెను కొట్టి, బట్టలు చింపి, కారు తగలబెట్టింది. ఆమెకూ ఆ ప్రమాదానికీ సంబంధం లేదు. ఆమె దేశం కూడా వేరు. చూసినవాళ్లకు అందరూ ఒకటే. అదే ఏడాది మే 20న ఢిల్లీలో ఆటో కోసం మొదలైన గొడవలో కాంగో యువకుణ్ణి కొట్టి చంపారు. అదే నెలలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పార్కింగ్ తగాదాలో ఒక నైజీరియా విద్యార్థి తలకు గాయమైంది.

2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రాడు చనిపోయాడు. మాదకద్రవ్యాల వల్లేనన్న అనుమానం వచ్చింది. దానికి ముందు అతను కనబడకుండా పోయినప్పుడు, పక్కన ఉంటున్న నైజీరియా విద్యార్థులు నరమాంసం తింటారన్న పుకారు నడిచింది. మార్చి 27న మాల్‌లో నైజీరియా విద్యార్థులను మూక కుర్చీలతో కొట్టిన వీడియో ప్రపంచమంతా చూసింది. ఆఫ్రికా దేశాల రాయబారులు ఇవి జాతి విద్వేష దాడులేనని ఉమ్మడి ప్రకటన చేశారు. విచారణ పూర్తయ్యేదాకా వీటిని జాతి వివక్ష దాడి అనలేమని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ పార్లమెంటులో చెప్పారు.

దీనికి నెల ముందు, 2017 ఫిబ్రవరి 22న, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఓలేతలో హైదరాబాద్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. అది జాతి విద్వేష హత్య అనడానికి మనలో ఎవరికీ విచారణ ఫలితం అవసరం కాలేదు. అవసరం లేదు కూడా. ఆ స్పష్టత అయిదు వారాలు గడిచేసరికి ఎక్కడికి పోయింది?

తెలుగు పత్రికల భాష గురించి కూడా ఒక మాట. ‘నైజీరియన్’ అనే మాట క్రైమ్ పేజీలో దేశం పేరుగా కాక వృత్తి పేరుగా మారిపోయింది. తప్పు చేసినవాణ్ణి పట్టుకోవాలి, శిక్షించాలి. కానీ ఒకడి నేరానికి జాతి మొత్తం పూచీ పడాలన్న పద్ధతి మనకు తెలుసు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే మనిషిని దొంగ చేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. అయినా స్టువర్టుపురం పేరు చెబితే ఎరుకల పిల్లవాడికి ఉద్యోగమిచ్చే దగ్గర ఎట్లా చూస్తారో అడిగి చూడండి.

రెండు వారాల తేడా

2016 జనవరి నా తరం వాళ్లకు మరిచిపోలేని నెల. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బయటికి పంపారు. వాళ్లు పరుపులు, పుస్తకాలు, బాబాసాహెబ్ పటం మోసుకుని క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర ‘వెలివాడ’ కట్టుకున్నారు. జనవరి 17న వేముల రోహిత్ మనల్ని వదిలిపోయాడు. సరిగ్గా రెండు వారాలకు బెంగళూరులో టాంజానియా విద్యార్థిని మీద దాడి. మేం అప్పుడు రోహిత్ కోసం రోడ్డు మీద ఉన్నాం. ఆ వార్త చదివి బాధపడి పేజీ తిప్పేశాం. రెండు వార్తలూ ఒకే కథలోవని ఆనాడు నాకు తట్టలేదు. చదువుకోవడానికి వచ్చిన మనిషికి తల దాచుకునే చోటు లేకుండా చేయడం రెండింటిలోనూ ఉంది.

బరోడాలో బాబాసాహెబ్

అంబేడ్కర్ 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియా యూనివర్సిటీలో చేరాడు. అక్కడ హాస్టల్‌లో నవల్ భథేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఉన్నాడు, ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. విదేశాల్లో గడిపిన ఏళ్లలో తాను అంటరానివాణ్ణన్న సంగతే మనసులోంచి చెరిగిపోయిందని తర్వాత రాసుకున్నాడు. 1917లో ఉద్యోగం కోసం బరోడాలో రైలు దిగగానే అది తిరిగి వచ్చింది. హిందూ హోటళ్లలో చోటు దొరకదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో దిగాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని పార్సీల గుంపు వచ్చి సాయంత్రానికి ఖాళీ చేయమంది. ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. పార్కులో కూర్చుని ఏడ్చి, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయాడు. కొలంబియాలో డాక్టరేట్ కోసం చదివి వచ్చిన మనిషికి సొంత దేశంలో ఒక గది దొరకలేదు. ఈ అనుభవాలు రాసిన చిన్న పుస్తకానికి ఆయన పెట్టిన పేరు ‘వీసా కోసం ఎదురుచూపు’ అని అర్థమిచ్చేది.

ఆ సత్రంలో గుంపును నడిపిన భయమూ, నేను టీ తాగిన ఇంట్లోని భయమూ వేరా? మా ఇల్లు మైలపడుతుందని ఒకరి భయం, మా ఇంటికి పోలీసులొస్తారని ఇంకొకరి భయం. మాట మారింది. మెట్లు దిగి వెళ్లిపోయిన మనిషి పరిస్థితి మారలేదు.

నల్లజాతి పోరాటంతో మన అనుబంధం నినాదాల కోసం తెచ్చిపెట్టుకున్నది కాదు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నీగ్రోలు సమర్పించిన విజ్ఞప్తి ప్రతి కావాలని అడిగాడు. జులై 31న డుబోయిస్ జవాబు రాశాడు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ కేరళలో దళిత పిల్లలు చదివే బడికి వెళ్తే, ప్రధానోపాధ్యాయుడు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశాడు. కింగ్ ముందు నొచ్చుకున్నాడు, తర్వాత ఆలోచించి అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నాడు. 1972లో బొంబాయిలో మన యువకులు దళిత్ పాంథర్స్ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచి తెచ్చుకున్నారు. హైదరాబాద్ నగరంలోనే ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది. ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు, మన పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా మోగిస్తున్నారు.

పోలిక పెట్టడమంటే రెండూ ఒకటే అనడం కాదు. నా మిత్రుడు డిగ్రీ తీసుకుని ఒక రోజు విమానం ఎక్కుతాడు, తన ఊళ్లో అతను మామూలు మనిషి. మా వాడవాళ్లు ఎక్కే విమానం లేదు. అదే సమయంలో నేను కావాలంటే పట్నంలో ఇంటిపేరు దాచి ఒక పూట గడపగలను. అతను తన ఒంటిని ఒక్క నిమిషం కూడా దాచలేడు.

చట్టం ఏమంటుంది

రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు ‘వ్యక్తి’కి వర్తిస్తాయి, పౌరులకే కాదు. విదేశీయులకు కూడా 21వ అధికరణం రక్షణ ఉందని 2000లో చంద్రిమా దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ జాతి, కులం, మతం ఆధారంగా వివక్ష చూపరాదనే 15వ అధికరణం ‘పౌరుల’ గురించే మాట్లాడుతుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అతనికి వర్తించదు. ప్రైవేటు ఇంటి ఓనరు కులం చూసో రంగు చూసో గది నిరాకరిస్తే నేరుగా అడిగే సమగ్ర వివక్ష నిరోధక చట్టం దేశంలో లేదు. ఒకే మతస్థులకు సభ్యత్వం పరిమితం చేసిన హౌసింగ్ సొసైటీ నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. గది దగ్గర నేనూ నా మిత్రుడూ దాదాపు ఒకే చోట నిలబడి ఉన్నాం.

ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల మీద దాడుల తర్వాత 2014లో బెజ్‌బరువా కమిటీ జాతి వివక్ష మాటలనూ చేతలనూ ప్రత్యేక నేరాలుగా చేర్చమని సిఫార్సు చేసింది. అది చట్టం కాలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103(2) సెక్షన్ మాత్రం అయిదుగురు లేదా అంతకు మించి కలిసి జాతి, కులం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో చేసే హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవం అంటోంది. అంటే మనిషి చనిపోయాక చట్టం వస్తుంది. గేటు దగ్గర నుంచి తిప్పి పంపినప్పుడు రాదు.

అంతర్జాతీయ వేదికల మీద మన ప్రభుత్వం వైఖరి చూడండి. జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని భారత్ 1968లోనే ఆమోదించింది. 2001లో దర్బన్ సదస్సులో కులాన్ని చర్చకు పెట్టాలని దళిత సంఘాలు కోరితే, కులం జాతి కాదని ప్రభుత్వం అడ్డుకుంది. ‘వంశం’ అన్న మాటలో కులం కూడా ఉందని ఐక్యరాజ్యసమితి కమిటీ 2002లో స్పష్టం చేసినా ఒప్పుకోలేదు. ఇక్కడ నల్లవాళ్ల మీద దాడి జరిగితే అది జాతి వివక్ష కాదంటుంది. కులం జాతి కాదు, రంగు మీద దాడి జాతి వివక్ష కాదు. ఇక ఈ దేశంలో వివక్ష అనేది ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది?

మనం చేయగలిగింది

ఇంటి ఓనర్లుగా ఉన్న మనవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. విదేశీ విద్యార్థికి గది ఇవ్వడం నేరం కాదు. ఇచ్చిన 24 గంటల్లో దానికి సంబంధించిన ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఫోటో ఉంటే చాలు. అది నింపితే రేపు పోలీసులొచ్చినా చూపించడానికి మన దగ్గర కాగితం ఉంటుంది. భయం కాగితం లేనప్పుడే.

యూనివర్సిటీల్లోని మన విద్యార్థి సంఘాలు చేయాల్సింది ఇంకా ఎక్కువ. అంబేడ్కర్ జయంతికి ఆఫ్రికా విద్యార్థిని వేదిక మీద కూర్చోబెట్టి ఫోటో దిగడంతో సరిపోదు. హాస్టల్ గడువు, ఫీజు ఆలస్యం, పోలీసు నమోదు వంటి వాటికి మన సంఘం తలుపు అతను తట్టగలగాలి. వివక్ష ఫిర్యాదుల కమిటీలు విదేశీ విద్యార్థుల మాట కూడా వినాలని మన డిమాండ్లలో ఒక వాక్యం చేరాలి. బస్సులో అతని పక్క సీటు ఖాళీగా ఉంటే వెళ్లి కూర్చోవడానికి ఏ తీర్మానమూ అక్కర్లేదు.

నా మిత్రుడికి చివరికి గది దొరికింది. మా మెస్‌లో వంట చేసే ఒకామె వాళ్ల చుట్టాల ఇంటి మేడ మీద రేకుల గది ఇప్పించింది. ఎండకు కాలిపోయే ఆ గదిలోనే థీసిస్ పూర్తి చేసి అతను వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆమెకు తన దేశం నుంచి తెప్పించిన ఒక రంగుల గుడ్డ ఇచ్చాడు. మా అమ్మ అతనికి అయిదు కిలోల రాగి పిండి కట్టించింది. బరువు ఎక్కువైందని విమానాశ్రయంలో మూడు కిలోలు తీసేశారు.

బాబాసాహెబ్ ఫోటో ఉన్న ఆ ఇంటాయన్ను తప్పుపట్టి వదిలేయడం నాకు ఇష్టం లేదు. జీవితమంతా ఎన్ని గేట్ల దగ్గర నిలబడి ఆ ఇల్లు కట్టుకున్నాడో నాకు తెలియదు గానీ ఊహించగలను. ఆ రోజు ఆయనతో ఒక్క మాట అనాల్సింది: ‘అన్నా, గోడ మీదున్న ఆయనకు కూడా బరోడాలో ఇట్లాగే చెప్పారు.’ అనలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను, ఆయన చదువుతాడన్న ఆశతో.

జై భీమ్.